లాపాజ్‌లో వెయ్యి రూపాయల రోజు

దేశాలు తిరగడం డబ్బున్నవాళ్ల వ్యవహారమని మనలో చాలామంది అంటారు. విమానం టిక్కెట్టు వరకూ ఆ మాట నిజమే. కానీ ఊళ్లో దిగిన తరువాత ఖర్చు మన చేతిలోనే ఉంటుంది. చేయి బిగించి తిరిగితే ఒక లాభం కూడా ఉంది. టాక్సీ ఎక్కినవాడికి డ్రైవరు వీపే కనిపిస్తుంది. పదిమందితో కలిసి వెళ్లేవాడికి ఆ ఊరి మనుషుల ముఖాలు కనిపిస్తాయి.

మా అల్లుడు ఉద్యోగరీత్యా బ్రెజిల్‌లోని సావో పాలోలో ఉండగా, 2023 ఏప్రిల్‌లో మేమిద్దరం ఓ నెల రోజులు అక్కడ గడిపాం. మనుమరాలికి అప్పుడు ఐదేళ్లు. అమ్మమ్మ తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబు చెప్పేది. మధ్యమధ్య బడిలో నేర్చిన పోర్చుగీసు దొర్లేది. "అర్థమవుతోంది కదమ్మా, చాల్లే" అనేది మా అమ్మాయి. మా శ్రీమతి మాత్రం చాల్లే అనుకోలేదు. బరంపురంలో నాలుగు తరాలుగా వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు పెట్టుకుని బతుకుతున్నవాళ్లం. ఆ ఇంటి మాట మన కళ్లముందే ఆగిపోతుందేమోనని ఆమె బెంగ.

ఆ నెలలోనే నాలుగు రోజులు వీలు చేసుకుని, పక్కదేశమైన బొలీవియాలో లాపాజ్ నగరం చూడడానికి మేమిద్దరమే బయలుదేరాం. పిల్లలు లేకుండా మేము చేసిన మొదటి ప్రయాణం అదే.

లాపాజ్ సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున, పెద్ద గిన్నెలాంటి లోయలో ఉంది. గిన్నె అంచున 4,000 మీటర్లకు పైన ఎల్ ఆల్తో అనే మరో నగరం. అక్కడ కలిగినవాళ్లు వెచ్చగా ఉండే కింది భాగంలోనూ, లేనివాళ్లు చలిగాలి వీచే పైభాగంలోనూ ఉంటారు. రెండు నగరాలనూ 2014 నుంచి తీగల మీద నడిచే కేబుల్ కార్లు కలుపుతున్నాయి. అవి యాత్రికుల వినోదానికి పెట్టినవి కావు. జనం వాటిలోనే ఆఫీసులకూ, బజార్లకూ వెళ్లివస్తారు. మొత్తం పది మార్గాలు, ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. మేము వెళ్లినప్పుడు టిక్కెట్టు మూడు బొలివియానోలు. బొలివియానో అంటే అప్పటి లెక్కన సుమారు పన్నెండు రూపాయలు.

మొదటి రెండు రోజులూ బసలోనే ఉండి, మెల్లగా నడుస్తూ, కోకా ఆకుల టీ తాగుతూ ఆ ఎత్తుకు అలవాటు పడ్డాం. వెళ్లదలచినవారికి రెండు మాటలు. ఆ ఆకు అక్కడ ఇంటింటా వాడేదే అయినా మనదేశానికి తేకూడదు. అలాగే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ సర్టిఫికెట్టు తిరిగివచ్చేదాకా జాగ్రత్తగా ఉంచుకోవాలి.

మూడో రోజు ఆదివారం. పది అడుగులకోసారి ఆగుతూ సెంట్రల్ స్టేషనుకు నడిచి, ఎర్ర మార్గంలో పైకి వెళ్లాం. పది నిమిషాల ప్రయాణం. కిందుగా శ్మశానవాటిక, అరలు అరలుగా కట్టిన సమాధులు, గాజు తలుపుల వెనుక పువ్వులు. దూరంగా 6,400 మీటర్లు దాటిన ఇల్లిమాని మంచుశిఖరం. పై స్టేషను బోర్డు మీద స్పానిష్ పేరుతోపాటు అయ్‌మారా భాషలో మరో పేరు ఉంది. దాని అర్థం 'పెద్ద సంత' అట. గురువారాలూ ఆదివారాలూ అక్కడ జరిగే సంతకు తగిన పేరే. సూది మొదలు పాత మోటారు సామాన్ల దాకా అన్నీ వీధుల వెంట పరచి ఉన్నాయి.

మా శ్రీమతి ఒకచోట ఆగిపోయింది. గుండ్రటి టోపీ, రెండు జడలు, కుచ్చుల పావడాతో ఉన్న ఒకామె ముందు నల్లటి గులకరాళ్లలాంటివి పోసి ఉన్నాయి. అవి బంగాళాదుంపలు! రాత్రి మంచులో గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి నీరు తీసి, ఎండలో ఆరబెడితే ఏళ్లతరబడి నిలవుంటాయి. 'చూన్యో' అంటారు. "ఒరుగులండీ ఇవి!" అంది మా ఆవిడ, సొంత అక్కచెల్లెలు కనిపించినట్టు.

మధ్యాహ్నం భోజనం సంతలోనే. ఉడికించిన మొక్కజొన్న పొత్తు, దుంపలు, పచ్చి ఛీజు ముక్క, పక్కన కారం. ఆ కారం పేరు 'ల్యాహువా'. నల్లగింజల మిరపకాయ, టమాటా కలిపి బల్లపరుపు రాతిమీద మరో రాయితో నూరుతారు. అచ్చంగా మన సన్నికల్లు, పొత్రమే. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశెనగ అన్నీ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్లు ఈ దారులు పట్టిన తరువాతే మన ఇళ్లకు చేరినవి. మన పచ్చడి పుట్టింటికి వచ్చి తిన్నామన్నమాట.

తిరుగు ప్రయాణంలో మా ఎదుట ఒక అవ్వ, ఎనిమిదేళ్ల పిల్ల కూర్చున్నారు. మా ఆవిడ సంచిలోంచి రెండు కమలాపండ్లు తీసి పిల్లకిచ్చింది. అవ్వ వాటిని తన చేతిలోకి తీసుకుని, ఒకటి పైకెత్తి "మాయా" అంది. పిల్ల నవ్వి "ఊనో" అంది. అవ్వ పండు ఇవ్వలేదు. మళ్లీ "మాయా" అంది. పిల్ల కిటికీవైపు చూసింది. చివరికి "మాయా" అంది. పండు చేతికొచ్చింది. రెండోదానికి "పాయా". అదీ అలాగే జరిగింది.

మాకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేకపోయింది. మా శ్రీమతి ఇంకో పండు తీసి అవ్వకు చూపిస్తూ "ఒకటి" అంది. అవ్వ పళ్లులేని నోటితో నవ్వి, "ఒకతి" అంటూ పుచ్చుకుంది. ఇంతలో స్టేషను వచ్చింది.

అవి అయ్‌మారా అంకెలని రాత్రి బసలో ఒకామె చెప్పింది. 2009 నాటి రాజ్యాంగం స్పానిష్‌తోపాటు 36 స్థానిక భాషలను అధికార భాషలుగా గుర్తించిందట. చట్టం ఆ పని చేసింది. కమలాపండు పట్టుకుని కూర్చోవడం మాత్రం అవ్వకే మిగిలింది.

అలవాటు ప్రకారం నేను ఆ రోజు లెక్క రాశాను. కేబుల్ కారు 12, భోజనం 24, మనుమరాలికి ఉన్ని టోపీ 30, పండ్లు 6, టీ 8, మరుగుదొడ్డి 2. మొత్తం 82 బొలివియానోలు. గది అద్దె కాక, వెయ్యి రూపాయలకు పదహారు తక్కువ.

సావో పాలో చేరాక మనుమరాలు టోపీ కోసం చేయి చాచింది. అమ్మమ్మ వెనక్కి దాచుకుంది. పిల్ల ఇంగ్లీషులో అడిగింది, అలిగింది, తల్లికి ఫిర్యాదు చేసింది. మా అమ్మాయి ఈసారి 'చాల్లే' అనలేదు. పావుగంట గడిచాక పిల్లే తిరిగివచ్చి, "అమ్మమ్మా, నాకు తోపీ ఇయ్యి" అంది.

'తోపీ' అని ఎవరూ దిద్దలేదు.