మా నాన్న కారు

సినిమా మోజును గురించి వొక విమర్శ రాద్దామని కూర్చుని, రెండు పేజీలు రాసి చించేశాను. అందులో వాదం తప్పని కాదు. ఆ వాదం చెయ్యడానికి నాకున్న అర్హత యేపాటిదో రాస్తూ వుండగా గుర్తుకొచ్చింది. ఆ సంగతే యిక్కడ రాస్తున్నాను.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. 2006లో సెకండుహాండుకు వొక తెల్ల మారుతి 800 కొన్నాడు. 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ చిన్న కారు, 796 సి.సి. ఇంజనుతోనూ మూడు సిలిండర్లతోనూ, గుమాస్తాలకూ బడిపంతుళ్ళకూ సమాజంలో తాము వొక మెట్టు యెక్కామనే భ్రమను కలిగించింది. ఆ భ్రమలో పెరిగినవాణ్ణి నేనూ. ఆదివారాలు నాన్న దాన్ని తుడుస్తుంటే వీధిలో పిల్లలు చూడాలని గేటు తెరిచి పెట్టేవాణ్ణి. నాన్న పోయాక కారు నా పేరుకు మారింది. వేపచెట్టు కింద పిచికలపాలయింది. 2024లో దాన్ని 25 వేలకు నా పాత విద్యార్థి వొకడికి అమ్మేశాను. డిగ్రీ మధ్యలో మానేసి విజయవాడ ఆటోనగర్లో టింకరింగు పనికి కుదిరిన కుర్రాడు. తెల్లకాగితం మీద రాసుకున్నాం. ఆర్.సి. మార్పించే పని యిద్దరమూ బద్ధకించాం.

ఆ సంవత్సరమే జూన్ 27న నాగ్ అశ్విన్ తీసిన “కల్కి 2898 ఏ.డి.” వచ్చింది. అందులో భైరవ అనేవాడికి బుజ్జి అనే కారు వుంది. అది మాట్లాడుతుంది, గొంతు కీర్తి సురేశ్‌ది. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలాంటిది వొక్కటే. బరువు 6 టన్నులు. తెరమీద గారడీ కాదు, నిజంగా నడిచే బండి. 2022లో దర్శకుడు ఆనంద్ మహీంద్రాను బహిరంగంగా సాయమడిగితే, మహీంద్రా ఇంజనీర్లూ కోయంబత్తూరులోని జయం సంస్థవాళ్ళూ కలిసి తయారుచేశారు. ఆ భైరవ యెవడంటే, కలిగినవాళ్ళుండే “కాంప్లెక్స్”లో చోటు సంపాదించుకోవడానికి డబ్బు తీసుకుని మనుషుల్ని పట్టిచ్చేవాడు. అలాంటివాడి బండి మీద మన కుర్రాళ్ళకింత మమకారమేమిటని నాకప్పుడూ అనిపించింది, యిప్పుడూ అనిపిస్తుంది.

2025 సంక్రాంతికి ఫోనొచ్చింది. “మాస్టారూ, వొకసారి షెడ్డుకు రండి.”

మా నాన్న కారును నేను పోల్చుకోలేకపోయాను. దానికి కప్పు లేదు. మారుతికి లారీకున్నట్టు విడిగా ఛాసీ వుండదు. వొంటిమీది రేకే దానికి యెముక. కప్పు కోస్తే నడుము విరుగుతుందని తెలిసి, అడుగున ఇనప గొట్టాలు వెల్డింగు చేశాడు. జి.ఐ. రేకును సుత్తితో కొట్టి కొట్టి ముందు చక్రాలకు గుండ్రటి తొడుగులు చేశాడు. పక్కల్లో పాత మోటారుసైకిళ్ళ సైలెన్సర్లు, ముందు ట్రాక్టరు లైట్లు. పుట్టీ పెట్టి, రుద్ది, మళ్ళీ పెట్టి, బూడిదరంగు కొట్టాడు. వెనక చక్రాలు రెంటినీ వొకటి చెయ్యడం మాత్రం తనవల్ల కాలేదట, రేకుతో కప్పేశాడు. “దూరాన్నుంచి చూస్తే వొకటే అనిపిస్తుంది మాస్టారూ” అన్నాడు. ఇంటరు చదువుతున్న చెల్లెలి చేత మాటలు చెప్పించి రికార్డు చేశాడు. స్విచ్చి నొక్కితే, “అన్నా, పెట్రోలు అయిపోవచ్చింది, ముందు నా సంగతి చూడు” అంటుంది. ఇదంతా అయిదు నెలలపాటు, రాత్రి యెనిమిది తర్వాత, పగటి పని ముగించుకుని చేసింది. వెల్డింగుకు కాలిన కరెంటు ఖర్చును షెడ్డు యజమాని కూలిలో పట్టుకున్నాడు.

పదిమంది పనివాళ్ళ ముందు నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. శ్రమ నీది, కల మాత్రం కంపెనీది, కానీ ఖర్చు లేకుండా వాళ్ళకు ప్రచారం చేసిపెట్టావు, అనుకరణకు యింత చాకిరీ యెందుకు అన్నాను.

“నన్నయగారు భారతాన్ని తెలుగు చేస్తే అది వుత్త అనువాదం కాదు, స్వతంత్ర రచన అని మీరే చెప్పారు గదండీ. మరి నేను ఆరు టన్నులదాన్ని మారుతి చేశాను” అన్నాడు.

అందరూ నవ్వారు. పోలిక కుదరదన్నాను. యెందుకు కుదరదో చెప్పలేదు. అసలు నాకు తెలిస్తేగదా!

వాడిది నరసరావుపేట దగ్గర పల్లె, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ కట్టే వూరు. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే ఆ ప్రభలకు తాళ్ళు బిగించడమూ, దీపాలు అమర్చడమూ చూస్తూ పెరిగినవాడు. పక్కవూరి ప్రభను చూసి తమ ప్రభను కట్టుకున్న వూరిని అనుకరణ అని నిందించిన పండితుణ్ణి నేనెరగను. కట్టినవాళ్ళ పేర్లు అడిగిన పండితుణ్ణీ యెరగను. బుజ్జి విషయంలోనూ అంతే. దర్శకుడి పేరు తెలుసు, పారిశ్రామికుడి పేరు తెలుసు. కోయంబత్తూరులో ఆ రేకు వంచినవాడి పేరు మనకు తెలియదు. వీడికి కనిపించింది మాత్రం ఆ చెయ్యే. “మూడుసార్లు చూశాను మాస్టారూ. కథ సరిగ్గా గుర్తులేదు. ఆ అతుకు యెక్కడ పెట్టారా అనే చూస్తూ కూర్చున్నా” అన్నాడు. సినిమాను అలా చూసే ప్రేక్షకుణ్ణి గురించి నా విమర్శలో వొక్క వాక్యమైనా లేదు. అయినా ఆ రోజు దాంట్లో కూర్చుని ఫొటో దిగి వచ్చాను.

వేసవిలో వొక పెళ్ళి ఊరేగింపుకు మూడువేలకు కుదుర్చుకుని తీసుకుపోతుంటే దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపాడు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను వుంది. తయారీదారు యిచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. ఆ యేటి సవరణ ప్రకారం వొక్కొక్క మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలలదాకా జైలు, లేదా రెండూ. ఇందులో అన్యాయముందని నేననను. కప్పులేని బండి బోల్తాపడితే లోపలివాడు బతకడు. అయితే ఆర్.సి.లో యజమాని పేరు నాది. కాబట్టి పిలుపు నాకే వచ్చింది.

వెళ్ళాను. వెళ్ళి, “బండి అమ్మేశానండీ. ఈ మార్పులతో నాకు సంబంధం లేదు. నాకు తెలియకుండా చేశాడు” అని చెప్పాను. కాగితం మీద రాసి కూడా యిచ్చాను.

నాకు తెలియకుండా! వాడు నా పక్కనే నిలబడి వున్నాడు. నా ఫొటో వాడి జేబులో, ఫోనులో వుంది. వాడు తియ్యలేదు. “అవునండీ, మాస్టారికి తెలీదు” అన్నాడు.

జరిమానా వాడే కట్టాడు. సగం యిస్తానంటే వద్దన్నాడు. బండిని పాత రూపానికి తెమ్మన్నారు. బానెట్టూ డోర్లూ పారెయ్యలేదట; గోనెల్లో చుట్టి దాచాడట. “పెద్దమాస్టారి కారు గదా” అన్నాడు. కోసేసిన కప్పుకు మాత్రం తుక్కు కొట్లన్నీ తిరిగి, యేదో యెర్ర మారుతిది తెచ్చి అతికి తెల్లరంగు వేశాడు.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలకు దాంట్లోనే మా యింటికి వచ్చాడు. పెట్టాను. కాఫీ తాగమంటే పనుందన్నాడు. గేటు దగ్గర బండి తిప్పుతుంటే చెయ్యి తగిలినట్టుంది, లోపల్నుంచి వాళ్ళ చెల్లెలి గొంతు, “అన్నా, పెట్రోలు అయిపోవచ్చింది” అంది. వాడు గబుక్కున స్విచ్చి ఆపి, నా వైపు చూడకుండా గేరు మార్చాడు.