మెదకు మందిరములో మూడు గవాక్షములు

మంజీరా తీరమున కొన్నాళ్లు తిరిగితిని. మెదకు కొండమీది కోటయు, పోచారము చెరువును, ఏడుపాయల క్షేత్రమును చూచితిని, అన్నియు చూడదగినవే. కాని నేను కలము పట్టినది వానికొఱకు గాదు. శ్రమలదినములు గడచుచుండగా, ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నమున, ఆ ఊరి క్రైస్తవ మహాదేవాలయములో ఒక వృద్ధురాలి ప్రక్కన కూర్చుండి విన్న నాలుగు మాటలును, అచ్చటి మూడు గాజు గవాక్షములును నాచేత దీనిని వ్రాయించుచున్నవి.

175 అడుగుల ఆ గోపురము చాల దూరమునుండియే కానవచ్చును. పాదరక్షలు వెలుపల విడిచి లోపల అడుగిడగానే, కాలిన అరికాళ్లకు ఇటలీ పనివారు పరచిన పలకల నేల చల్లగా తగిలినది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆ మందిరములో ఆవేళ పదిమందియైనను లేరు. బూడిదవన్నె రాతిస్తంభములను దగ్గరగా చూచితిని. ఇంత నునుపుగా ఈ రాతిని చెక్కిన చేతులెవరివో, ఈ చిన్న పట్టణమున ఇంత కట్టడమేలనో తెలిసికొనవలెనని మనసు తహతహలాడినది.

1895లో సికింద్రాబాదునకు వచ్చి, పిదప మెదకునే తన ఊరుగా చేసికొన్న వెస్లియను మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్టు దీనిని కట్టించెను. అది మొదటి ప్రపంచయుద్ధమును కరవును ఒక్కమారుగా పైబడి ప్రజలను కుంగదీసిన కాలము. ఆకలిగొన్నవానిని యాచకునిగా నిలుపక, పని చూపి, ఆ పనికి ప్రతిగా తిండి పెట్టుట మేలని ఆయన తలచెను. 1914లో ఆరంభమైన పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25వ తేదీన ఆలయప్రతిష్ఠ జరిగినది. కరవు మంచిదని నేననను. ఆకలికి ఆహుతియైనవారి పక్షమున ఆ మాట అనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. విత్తు మొలవని ఏండ్లలో కూడ మనుష్యుని చేతికి చేయదగిన పని యొకటి మిగిలియుండెనని మాత్రము ఆ స్తంభముల నడుమ నిలిచినప్పుడు నాకు రూఢిగా తోచినది.

ఆ వృద్ధురాలు స్తంభమునకు వీపు చేర్చి నేలమీద కూర్చుండెను. "కూసో బిడ్డా, సల్లగుంటది" అని తానే పిలిచినది. ముదురాకుపచ్చ నేతచీర, కాయలు కాచిన అరచేతులు. ఒడిలో గుడ్డలో చుట్టిన బైబిలు. చదువ రాదట, మనుమరాలు చదివి వినిపించునట.

"మా తాతలు గీ రాళ్లు మోసిన్రు. కరువు కాలమాయె. పైసలు గాదు, గింజలిచ్చిన్రంట. పొద్దంత మోస్తే మాపటికి ఇంట్ల పొయ్యి ముట్టేది."

కొంతసేపటికి, నేనడుగకయే, కుమారుని మాట ఎత్తినది. పంట ఇంటికి వచ్చిన నెలలోనే అతడు పోయెనట. పరామర్శకు వచ్చిన బోధకుడొకరు, విశ్వాసులు ఏడ్వరాదనియు సంతోషింపవలెననియు చెప్పి వెళ్లెనట.

"గా యేడు క్రిస్మస్‌కు పాటలు పాడబుద్ధి గాలే. మంది పాడుతుంటే నేను గా సిలువ బొమ్మకాడ కూసున్న. ఆయన సుత యేడ్చిండు గద" అని ఆమె కుడివైపు గవాక్షమును చూపినది.

లండను చిత్రకారుడు ఫ్రాంకు శాలిస్‌బరీ చిత్రించిన గవాక్షములవి. వేదికకు వెనుక క్రీస్తు ఆరోహణము, ఒకవైపు జననము, వేఱొకవైపు సిలువ. ఎండ గాజుగుండా దిగి నేలమీద నీలమును ఎఱుపును పరచుచుండగా నేను చాలసేపు వానినే చూచుచుంటిని. అవి అమర్చబడిన వరుస నన్ను ఆశ్చర్యపరచినది. ఆరోహణ గవాక్షము మొదట, 1927లో వచ్చినది, జననము 1947లో, సిలువ చివరగా, 1958లో. అనగా ముప్పది యేండ్లకు పైగా ఇచ్చటి సంఘము మహిమను చూచుచునే, శ్రమను చూపు గవాక్షముకొఱకు ఎదురుచూచినది. మన బ్రదుకులలోను ఋతువులు మనము కోరిన క్రమమున రావు. పెండ్లిపందిరి విప్పకమునుపే శవవాహకులు గుమ్మమున నిలిచిన ఇండ్లను నేనెఱుగుదును.

ప్రసంగి గ్రంథము మూడవ అధ్యాయము ఏడ్చుటకును నవ్వుటకును సమయములు గలవని చెప్పును. దానిని విధివాదముగా చదువువారు గలరు, నాకది పొసగదు. ఏడ్పునకు దేవుడే సమయము నియమించెనన్నచో, దుఃఖించువాని విశ్వాసమును శంకించుటకు మనమెవ్వరము? లాజరును కొలది క్షణములలో లేపనున్నానని యెఱిగియు యేసు కన్నీరు విడిచెనని యోహాను వ్రాసెను. రానున్న ఉదయమును ఎఱిగినవాడే రాత్రిని రాత్రిగా ఒప్పుకొనెను. క్రైస్తవుని నిరీక్షణ అనగా నేననుకొనునది ఇదియే. చదువురాని ఆ తల్లి దీనిని గ్రహించినది. చదువుకొన్న బోధకుడు గ్రహింపలేదు.

మెదకు పోదలచినవారికి ఒక మనవి. క్రిస్మస్‌నాడు అచ్చట వేలాది జనము కూడుదురు, చెట్లక్రింద పొయ్యిలు వెలుగును. ఆ సంబరమును చూడవలసినదే. కాని గవాక్షముల కొఱకు పోవువారు జనసమ్మర్దము లేని సాధారణ దినమున, ఎండ యుండగనే పోయి, సిలువ గవాక్షము ఎదుట తొందరపడక కూర్చుండుడు. చీకటి పడినపిమ్మట లోపలినుండి అవి కనబడవు.