రెండు సెక్షన్లు, ఒకటే పాఠం

పాలకొండ దగ్గరి ఆ జిల్లా పరిషత్ హైస్కూలుకి నేను వెళ్లేసరికి ప్రార్థన అయిపోయింది. మొదటి పీరియడు ఎనిమిది ‘ఎ’లో. పాఠం ఘర్షణ. చెప్పేది బీఈడీ రెండో ఏడు చదువుతున్న ఛాత్రోపాధ్యాయురాలు. బీఈడీ 2015 నుంచి రెండేళ్ల కోర్సయింది. అందులో 20 వారాలు బడి అనుభవానికే. ఈమెకిది ఆరో వారం.

ఇటుకకు తాడు కట్టి, స్ప్రింగ్ త్రాసుతో బల్ల మీద లాగింది. ప్రశ్న పూర్తయ్యేలోపే ముందు బెంచీ జవాబు చెప్పేసింది. ప్రతిసారీ ఆ నలుగురే. వెనక ముప్పైమంది వాళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. “ఎవరూ చెప్పొద్దు. గోనెపట్టా మీద లాగితే ముల్లు ఎంత చూపిస్తుందో ముందు నోట్సులో రాయండి” అంది. తలలన్నీ వంగాయి. లాగి చూస్తే ముందు బెంచీ అంచనా తప్పింది. కిటికీ పక్క అమ్మాయిది సరిపోయింది.

‘బి’ సెక్షనుకి అదే పాఠం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. సగంమందికి కళ్లు మూతలు పడుతున్నాయి. అందరినీ వరండాలోకి తీసుకొచ్చి జట్టుకో ఇటుక ఇచ్చింది. సిమెంటు మీద, ఇసుక మీద, కింద గుండ్రటి పెన్సిళ్లు పెట్టి లాగమంది. నిద్ర ఎటు పోయిందో! సీతంపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న సవర తెగ కుర్రాడొక్కడే నోరు విప్పలేదు. “వానలో కొండ దిగేటప్పుడు కాలు పట్టు తప్పితే మీ ఇంట్లో ఏమంటారు నాన్నా?” అని అడిగింది. మెల్లగా చెప్పాడు. రెండుసార్లు పలికించుకుని, ఆ మాటను సుద్దతో నేల మీద తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన ‘జారడం’ అని రాసింది. ఆ తరవాత వాడే అందుకున్నాడు: మొయ్యలేని దుంగను కింద కర్రలు వేసి దొర్లిస్తారట.

నాకు గిడుగు రామమూర్తి పంతులు గుర్తొచ్చారు. ఈ శ్రీకాకుళం సీమలోనే 1863లో పుట్టి, పర్లాకిమిడి బడిలో పనిచేస్తూ, సవరల పిల్లలకు చదువు చెప్పాలని ముందు తనే సవర భాష నేర్చుకున్నారు.

ఆమె ప్లాను పుస్తకం అడిగి చూశాను. ఎడమపక్క నీలి సిరాతో పొందికైన పీరియడ్ ప్లాను. కుడిపక్క పెన్సిలు రాత: ‘ఎ – రాశాకే చెప్పాలి. బి – గది వద్దు, వరండా. సవర మాటలు ఇంకా అడగాలి.’

“ఈ పేజీ రికార్డులోకి ఎక్కదు మాస్టారూ. రికార్డు శుభ్రంగా తిరగరాసి ఇవ్వాలి” అంది.

“ఇదే చూపించమ్మా” అన్నాను. నీలి సిరా పాఠాన్ని ఇంట్లో రాసుకుంది. పెన్సిలు పాఠాన్ని పిల్లలను చూసి రాసుకుంది. మార్కులు వేసేవాళ్లు ముందు ఆ కుడిపక్క చదవాలి.