అమ్ముడుపోని ప్లాట్లు

12 ఏప్రిల్ 2025, శనివారం

రాత్రి వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. అబ్బాయిని తీసుకుని బీవర్టన్ నుంచి పోర్ట్‌లాండ్ ఫారెస్ట్ పార్కుకు వెళ్లాను. పేరుకే పార్కు, నిజానికి ఊరి హద్దుల్లోనే 5,000 ఎకరాలు దాటిన అడవి. బాల్చ్ క్రీక్ వాగు వెంబడి పైకి నడిచాం. ఇంత చిన్న వాగులోనూ కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు బతుకుతున్నాయి.

వాగు వెంట ఉన్న ఒక రాతి ఇల్లు దాటాక వైల్డ్‌వుడ్ కాలిబాట. 30 మైళ్ల దారి; పావు మైలుకోసారి చెట్టుకు నీలం గుర్తు. డగ్లస్ ఫర్ చెట్ల కింద మోకాలెత్తు ఫెర్న్ పొదలు, వాటి మధ్య మూడు రేకుల తెల్లటి ట్రిలియం పూలు. "నాన్నా, ఇక్కడ సైకిల్ ఎందుకు తొక్కనివ్వరు?" అన్నాడు వాడు. దారి చూపించాను. ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సినంత ఇరుకు. పైగా ఈ కొండల మట్టి మెత్తటి ఒండ్రు లాంటిది. తడిస్తే చక్రాల కింద చాళ్లు పడతాయి.

13 ఏప్రిల్, ఆదివారం

ఇవాళ సైకిళ్లు. థర్మన్ వీధి చివర గేటు దాటితే లీఫ్ ఎరిక్సన్ దారి, 11 మైళ్లు. కార్లు రావు. కంకర, గుంటలు, బురద. వెడల్పుంది కాబట్టి నడిచేవాళ్లకూ తొక్కేవాళ్లకూ సరిపోతుంది. సాల్ట్‌జ్‌మన్ రోడ్డు కలిసే చోటికి వెళ్లేసరికి అబ్బాయి వీపంతా బురద చుక్కలు. వాడి ముఖంలో అంత సంతోషం చూసి చాలా రోజులైంది.

ఈ దారి వేసింది విహారానికి కాదు. 1914, 15లలో ఇళ్ల ప్లాట్లు అమ్మడానికి. ఏడాది తిరక్కముందే కొండచరియలు జారి రోడ్డు తెగింది. పన్నులు కట్టలేక జనం ప్లాట్లు వదిలేసుకున్నారు, ఆ భూమి నగరానికి దఖలుపడింది. 1948లో పార్కు అయింది. నిన్న వాడికి చూపించిన మట్టే ఈ అడవిని కాపాడింది.

19 ఏప్రిల్, శనివారం

సైకిళ్లకూ ఒక సన్నటి బాట కావాలన్నది ఇక్కడి పాత కోరిక. న్యాయమైనదే. వాగులకు దూరంగా, నీరు నిలవని వాలులో కొత్తగా వేయాలి తప్ప వైల్డ్‌వుడ్ జోలికి పోకూడదు.

అడవి మాటకొస్తే, వారమంతా మనసు హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి మీదే ఉంది. అక్కడ యూనివర్సిటీ రోజుల్లో సాయంత్రాలు మష్రూమ్ రాక్ అనే బండ దాకా నడిచేవాళ్లం. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఈ నెల 3న ఆపింది. కొట్టేసిన చోట అడవిని ఎలా తిరిగి పెంచుతారో చెప్పమని మొన్న 16న తెలంగాణ రాష్ట్రాన్ని అడిగింది. అక్కడి నేల గట్టి రాతినేల. ఏ కొండచరియా జారి దాన్ని కాపాడదు. మనమే అడగాలి. ఆ 400 ఎకరాలూ అడవిగానే ఉంటాయని ప్రభుత్వం రాసివ్వాలి.