రాకీ పద్దు

మా ఇంటి జమాఖర్చుల పుస్తకంలో పాలు, కరెంటు, స్కూలు ఫీజుల సరసన ‘రాకీ’ అని ఒక పద్దు ఉంది. రాకీ ముప్పై కిలోల నల్ల లాబ్రడార్. దాని తిండి ఖర్చు నెలనెలా ఇంచుమించు ఒకటే. టీకాల ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో ముందే తెలుసు. అంచనాకు అందనిదల్లా దాని చర్మమే. విజయవాడలో తొలకరి పడి ఉక్క మొదలైందంటే పాదాలు నాక్కోవడం, చెవులు గోక్కోవడం, పొట్టను చాపకేసి రుద్దుకోవడం మొదలుపెడుతుంది. నిగనిగలాడాల్సిన బొచ్చు కొబ్బరిపీచులా తయారవుతుంది.

అప్పుడిక సలహాలకు కొదవుండదు. కొబ్బరినూనె పట్టించమని ఒకరు, వేపాకు కాచి పోయమని ఇంకొకరు, ఫలానా షాంపూ వాడి చూడమని మరొకరు. ఒక్కో సలహా ఖరీదు మూడొందలో ఏడొందలో ఉంటుంది. ఇంట్లో ఎవరినీ అడక్కుండా పెట్టేయగల మొత్తాలవి. చిక్కంతా అక్కడే. ఫ్రిజ్ కొనడానికి నాలుగు షాపులు తిరిగే మనం ఏడొందల సీసాని రెండు నిమిషాల్లో కొనేస్తాం, నెల తిరక్కుండా ఇంకోటి కొంటాం. బ్యాంకు ఉద్యోగిని కాబట్టి ఈ చిల్లర పద్దులంటే నాకు భయం. అందుకే గోకుడు ఎందుకొచ్చిందో తేలేదాకా ఏ సీసా కొనేది లేదని ఇంట్లో చెప్పేశాను. “కుక్క గోక్కుంటుంటే మీకు లెక్కలు కావాలా?” అంది మా ఆవిడ. కావాలి మరి.

గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉండటం మా చుట్టుపక్కల వాళ్ల అదృష్టం. అక్కడ డాక్టరుగారు ముందు మందు రాయలేదు. బ్లేడుతో చర్మం పైపైన గీకి, వచ్చిన పొట్టును మైక్రోస్కోపు కింద చూశారు. వేళ్ల సందుల్లో టేపు అంటించి తీసి దాన్నీ చూశారు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తెల్లకాగితం మీద తడిపారు. చుట్టూ ఎర్రగా మరక దిగింది. కుక్కపేలు తాగి విసర్జించిన రక్తమది. ఈ పరీక్షలన్నిటికీ కలిపి అయిన ఖర్చు ఒక మంచి షాంపూ సీసా ధర దాటలేదు.

డబ్బు పరంగా చూస్తే ఆ గీకుడు పరీక్ష విలువ చాలా పెద్దది. గజ్జి పురుగు కనిపించిందనుకోండి, కొన్ని వారాల మందుతో ఖర్చు ముగుస్తుంది. అలర్జీ అయితే అదుపు చేయడమే తప్ప మాన్పడం ఉండదు. కుక్క ఉన్నన్నాళ్లూ నెలనెలా ఎంతో కొంత పెట్టాల్సిందే. ఈ రెండింటికీ ఒకే షాంపూ కొనడంలో అర్థం లేదు. పైగా పశువైద్య సేవలకు జీఎస్టీ లేదు. సంచుల్లో వచ్చే కుక్కల తిండికి 18 శాతం ఉంది. ముందు ఎటు వెళ్లాలో పన్నులవాళ్లే దారి చూపించినట్టుంది.

రాకీకి గజ్జి లేదు. పేలు ఉన్నాయి, వాటి వెనక అలర్జీ ఉందని అనుమానం, పాదాల్లో ఈస్ట్ చేరింది. ముందు పేల సంగతి. ఒంటి మీద కనిపించేవి కొన్నే. గుడ్లూ పిల్లలూ ఎక్కువ భాగం చాపల్లో, సోఫా సందుల్లో ఉంటాయి. అందుకే ఒక్కసారి పౌడరు చల్లితే తీరే పని కాదు. ఫ్లూరలానర్ బిళ్ల మేం కొన్నప్పుడు రెండు వేలు దాటింది. షాపులో వినగానే గుండె గుభేలుమంది. కానీ అది పన్నెండు వారాలు పనిచేస్తుంది, పిడుదుల్ని కూడా చంపుతుంది. రోజుకు పాతిక రూపాయల కంటే కాస్త ఎక్కువ. (మూర్ఛలు వచ్చే కుక్కలకు ఈ రకం మందులు డాక్టరుని అడక్కుండా వేయకూడదు.) షాంపూ కూడా డాక్టరు రాసిందే. నురగ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, అంతే. మనుషుల షాంపూ కుక్క చర్మానికి సరిపడదు.

బొచ్చు మెరుపు కోసం అమ్మే నూనెల గురించి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి. ఇక్కడే జేబుకి ఎక్కువ చిల్లు పడుతుంది. సీసా మీద చేప బొమ్మ ఉంటుంది, ‘ఒమేగా 3-6-9’ అని పెద్దక్షరాలుంటాయి. చర్మం మంట తగ్గించే ఈపీఏ, డీహెచ్ఏ ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చాలా సీసాల మీద ఉండదు. ఆ అంకె లేని సీసాని నేను ముట్టుకోను. అంకె ఉన్న వాటిల్లో వెయ్యి మిల్లీగ్రాములకు ఎంత పడుతోందో లెక్కేస్తే, ఎక్కువ ధర ఉన్న సీసాయే చౌకని తేలింది. అవిసె నూనె చవకే కానీ, అందులో ఉన్న ఒమేగా-3ని ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్క ఒంటికి చాలా తక్కువ. ఇంకో మాట, ఈ నూనెల ఫలితం కనబడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. పదిహేను రోజులకే ‘పనిచేయలేదు’ అని సీసా మార్చేవాళ్లు ప్రతిసారీ మొదటికొస్తారు. చేపల మార్కెట్లో కవళ్లు దొరికిన రోజున ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెడతాం. బొచ్చు చాలావరకు మాంసకృత్తులే కాబట్టి, పెరుగన్నంతో పెరిగే కుక్కకి ముందు ఉడికిన గుడ్డు పెట్టి చూడమంటాను. నూనె మాట తర్వాత.

తిండి అలర్జీ ఉందేమో తేల్చడం వీటన్నిటికంటే ఖరీదైన పని. కుక్కల్లో తిండి అలర్జీకి తరచుగా కారణమయ్యేవి గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడిమాంసం, గోధుమ. మన దగ్గర కుక్కలు తినేది మరి కోడి, పెరుగు, రొట్టె, బిస్కట్టే. వెంట్రుకలు పంపితే అలర్జీల జాబితా ఇస్తామని ఒక కిట్ చూపించారు. దానికి పైసా పెట్టలేదు. అలాంటి పరీక్షలు నమ్మదగినవి కావు. తిండి అలర్జీని తేల్చేది ఒకే పద్ధతి: ఎనిమిది వారాలు డాక్టరు చెప్పిన తిండి తప్ప ఇంకేమీ పెట్టకుండా చూసి, తర్వాత పాత తిండి మళ్లీ పెట్టి గోకుడు తిరిగొస్తుందేమో గమనించడం. ప్రత్యేకమైన ఆహారం సంచి వేలల్లో ఉంది. మధ్యలో ఒక్క బిస్కట్టు పడినా ఆ వేలన్నీ దండగ. కాబట్టి సంచి కొనకముందే పక్కింటావిడకు చెప్పొచ్చాను. “ఒక్క ముక్కేగా అన్నయ్యగారూ!” అన్నారు. ఆ ఒక్క ముక్క ఖరీదెంతో చెప్పాక మానేశారు.

రాకీకి తిండి పడకపోవడం కాదని తేలింది. గాల్లో, ఇంటి దుమ్ములో ఉన్నవేవో పడవన్నమాట. స్టెరాయిడ్ సూది చవకే, సాయంత్రానికల్లా గోకుడు ఆగుతుంది. తర్వాత దాహం, ఆకలి పెరుగుతాయి. ఎక్కువకాలం వాడితే ఇతర జబ్బుల బిల్లు వస్తుంది. దాని బదులు, గోకుడు బాగా ముదిరిన వారాల్లో ఓక్లాసిటినిబ్ మాత్ర వేస్తున్నాం. మా పద్దులో అన్నిటికంటే ఖరీదు అదే, అందుకే ఏడాదంతా వేయం. బొచ్చు మెరుపు తగ్గడంతోపాటు కుక్క మందకొడిగా తయారై లావెక్కితే థైరాయిడ్ పరీక్షకయ్యే డబ్బు కూడా పక్కన పెట్టుకోవాలి.

కుక్కల బీమా చూశాను. ముందునుంచీ ఉన్న జబ్బుకి వర్తించదు, కాబట్టి మాకు అక్కరకు రాదు. ఆదాయపన్నులో 80డి కింద కుక్క మందులు చూపించడానికీ లేదు. చివరికి రాకీ పేరు చెప్పి నెలకు వెయ్యి రూపాయల రికరింగ్ డిపాజిట్ తెరిచాను. జూన్‌లో చేతికొచ్చేలా పెట్టాను, ఎందుకంటే మా ఖర్చు మొదలయ్యేది వానలతోనే.

లాబ్రడార్ పిల్లను కొనబోతున్నవాళ్లకు ఒక విన్నపం. ఈ అలర్జీలకు వంశపారంపర్యం ఉంది, ఈ జాతిలో మరీ ఎక్కువ. ధర బేరమాడే ముందు తల్లి కుక్కను చూపించమనండి. పాదాల మధ్య ఎర్రగా ఉందేమో, చెవులు వాసనొస్తున్నాయేమో చూడండి. తల్లిని చూపించనంటే ఆ పిల్లను కొనకండి.