మనోళ్లు కట్టిన ఆటల ఊళ్లు

లుసైల్ అనే ఊరి పేరు ప్రపంచంలో చాలామంది మొదటిసారి విన్నది 2022 డిసెంబరు 18న, అర్జెంటీనా - ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఫైనల్ రోజున. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లకు మాత్రం అది అంతకు ఏళ్ల ముందే తెలిసిన పేరు. కొడుకో, అల్లుడో అక్కడ సెంట్రింగ్ పని చేస్తుంటే తెలియకుండా ఎలా ఉంటుంది?

'బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి'... ఉత్తర తెలంగాణ బతుకుదెరువు మొత్తం ఈ మూడు మాటల్లో ఉంది. సిరిసిల్లలో మగ్గం ఆగితే భివండి, బావి ఎండితే దుబాయి. పోయింది మస్కట్‌కైనా దోహాకైనా ఊళ్లో అనేది మాత్రం 'దుబాయి పోయిండు' అనే! 2008లో శంషాబాద్ విమానాశ్రయం రాకముందు చాలామంది బస్సెక్కి బొంబాయి చేరి, ఏజెంటు చూపించిన గదిలో రోజులు లెక్కపెట్టుకుని విమానం ఎక్కేవారు.

ఆట చూడటానికి పోయేవారి ప్రయాణం వేరు. ప్రపంచకప్ అంటే అభిమానులు తమ జట్టు వెంట ఊరూరా తిరగాలి. 2018లో రష్యా వెళ్లినవాళ్లు రైళ్లలో, విమానాల్లో వేల కిలోమీటర్లు తిరిగారు. ఖతార్‌లో ఆ తిప్పలు లేవు. దేశమంతా కలిపితే మన పాత ఉమ్మడి కరీంనగర్ జిల్లా అంత. అందులోనే ఎనిమిది స్టేడియాలు. ఉత్తరాన అల్ ఖోర్‌లో ఎడారి గుడారం ఆకారంలో ఉన్న అల్ బైత్, దక్షిణాన అల్ వక్రాలో తెరచాప పడవను తలపించే అల్ జనూబ్... ఈ రెండింటి మధ్య దూరం 75 కిలోమీటర్లే. మధ్యాహ్నం ఒక మ్యాచ్, రాత్రి ఇంకో మ్యాచ్ చూసి వచ్చి పడుకోవచ్చు. టికెట్ కొన్నవారికి 'హయ్యా' కార్డు ఇచ్చారు. వీసా బదులు అదే, మెట్రో రైల్లో టికెట్ బదులూ అదే.

వీసా కోసం అప్పు చేసి, మెడికల్ కోసం తిరిగి, స్టాంపింగ్ కోసం ఎదురుచూసిన కోరుట్ల కుర్రాడికి ఈ కార్డు సంగతి వింటే నవ్వొస్తుంది. అక్కడికి చేరాక ఉద్యోగం మారాలంటే కఫీల్ ఒప్పుకోలు కాగితం కావాలి. ఆ షరతును ఖతార్ తీసేసింది 2020లో. కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లని 2021 మార్చి నుంచి అమలు చేసింది. అప్పటి లెక్కన సుమారు 20 వేల రూపాయలు. వసతి, తిండి యజమాని చూడకపోతే వాటికి విడిగా ఇవ్వాలి. ఇక ప్రపంచకప్‌కు వచ్చిన అభిమానుల కోసం వేసిన క్యాబిన్లలో ఒక రాత్రి అద్దె సుమారు 200 డాలర్లు. అంటే కూలి మూడు వారాల జీతం!

అభిమానులు ఎక్కువగా గుమిగూడింది దోహా సముద్రతీరంలోని కార్నిష్‌లో, సూక్ వాకిఫ్ బజారులో. కార్మికుల కోసం ఇండస్ట్రియల్ ఏరియా వైపు ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర పెట్టారు. ఖతార్‌లో ఉంటున్నవారికి లీగ్ మ్యాచ్ చౌక టికెట్ 40 రియాళ్లు. తాము పని చేసిన స్టేడియంలోకి కొందరు కూలీలు ప్రేక్షకులుగా వెళ్లగలిగారంటే ఈ టికెట్ చలవే.

అన్ని స్టేడియాల్లో మనవాళ్లకు చటుక్కున అర్థమయ్యేది '974'. 974 షిప్పింగ్ కంటెయినర్లు వాడి కట్టారు. ఆ అంకె ఖతార్ ఫోన్ కోడ్ కూడా. ఆ అంకెతో వచ్చే ఫోన్ కోసం జగిత్యాల ఇళ్లల్లో ఎదురుచూసిన ఆడవాళ్లకు దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే సమయంలో దుబాయి కూడా కిటకిటలాడింది. దోహాలో గదులు దొరకనివారు దుబాయిలో దిగి, గంట ప్రయాణం చేసే విమానాల్లో మ్యాచ్‌లకు వెళ్లొచ్చారు. పైగా డిసెంబరు 2, 3 తేదీల్లో అక్కడ సెవెన్స్ రగ్బీ. 1970లో ఇసుక మైదానంలో మొదలైన ఆ పోటీలు ఇప్పుడు అల్ ఐన్ రోడ్డు పక్కన, 2008లో తెరిచిన స్టేడియంలో జరుగుతున్నాయి. విచిత్ర వేషాలతో వచ్చే ఇంగ్లిషు అభిమానులను చూడటానికే సరిపోతుంది ఆ రెండు రోజులూ. అదే దుబాయిలో మనవాళ్లుండే లేబర్ క్యాంపుల ప్రాంతాన్ని సోనాపూర్ అంటారు. బంగారు ఊరని అర్థం. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ, వెటకారం బాగా తెలిసినవాళ్లే!

టీవీలో కనిపించనిది ఎండ. వేడి భరించలేరనే కదా ప్రపంచకప్‌ను జూన్ నుంచి నవంబరుకు మార్చారు! కట్టినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు 10 నుంచి 3.30 దాకా ఆరుబయట పని చేయించరాదన్న నిబంధన 2021లో వచ్చింది. అప్పటికి చాలా స్టేడియాల పని అయిపోయింది. 2010 తర్వాత పదేళ్లలో ఖతార్‌లో ఐదు దక్షిణాసియా దేశాలవారు 6,500 మందికి పైగా మరణించారని 2021లో గార్డియన్ పత్రిక రాసింది. అందులో అన్ని రకాల పనులు, అన్ని రకాల మరణాలూ ఉన్నాయి. ప్రపంచకప్ పనులకు సంబంధించి మరణించింది 400 - 500 మంది అని నిర్వాహక కమిటీ అధికారి హసన్ అల్ థవాదీ 2022లో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. లెక్క ఏదైనా, శవపేటిక శంషాబాద్‌లో దిగాక ఇంటిదాకా తెచ్చుకోవడం సిరిసిల్ల, జగిత్యాల పల్లెలకు బాగా తెలిసిన పని. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది.

ఇప్పుడు వెళ్లినా ఈ ఊళ్లన్నీ చూడొచ్చు. దోహా మెట్రో రెడ్ లైన్ ఎక్కితే లుసైల్ నుంచి అల్ వక్రా దాకా ఒకే రైలు. కంటెయినర్లు విప్పేస్తామన్న 974లో 2024 డిసెంబరులో కూడా మ్యాచ్‌లు ఆడారు.

తర్వాతి వంతు సౌదీది. 2034 ప్రపంచకప్‌ను ఆ దేశానికి 2024 డిసెంబరు 11న ఖాయం చేశారు. ఐదు నగరాలు, 15 స్టేడియాలు. రియాద్, జెడ్డా, అల్ ఖోబర్, అభా కోరుట్ల ఇళ్లకు కొత్త పేర్లు కావు. నియోమ్ ఒక్కటే ఇంకా నోటికి అలవాటు కావాలి.