అమీనా అంటించిన కాగజ్

పోయిన రంజాన్‌కు ముందు, స్కూల్లో ప్యూన్ ఒక కాగజ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా జీతం జప్తుకు ఈపీ నోటీసు. స్టాఫ్ రూమంతా చూస్తోంది. ఇజ్జత్ పోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

బాకీ నిజమే. చెల్లి నిఖాకు లక్షన్నరకు ప్రామిసరీ నోటు రాశాను. 90 వేలు కట్టాను కూడా. కానీ నోటు వెనక చెల్లు రాయించుకోలేదు, తెలిసినాయనే కదా అని. ఖురాన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్, సూరా బఖరా 282, కర్జ్‌ను రాసుకోమని చెప్పేదే. చిన్నప్పటి నుంచి తిలావత్ చేస్తూనే ఉన్నా. చూడండి నా అఖల్! (సూద్ సంగతి వేరే కథ. అల్లా మాఫ్ చేయాలి.)

అసలు దావా వేసినట్టే నాకు తెలియదు. గుంటూరు ఆనందపేట ఇల్లు ఖాళీ చేసి మంగళగిరి వచ్చి అప్పటికే ఏడాది. వకీల్ సాబ్ నకలు తీయిస్తే సంగతి బయటపడింది. అమీనా ఆ పాత ఇంటి తలుపుకే సమన్లు అంటించి వెళ్లాడు. అలా అంటించినప్పుడు ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ముందు అంటించాడో వాళ్ల పేరూ చిరునామా రిపోర్టులో రాయాలట. అక్కడ ఖాళీ. నేను హాజరు కాలేదని మొత్తం లక్షన్నరకూ వడ్డీతో ఎక్స్‌పార్టీ డిక్రీ.

వకీలు, దావా, వకాల్తా, అమీనా, జప్తు... కోర్టులో సగం మాటలు మన ఇళ్లలోవే. అయినా ఆ మెట్లంటే మనకెంత ఖౌఫో!

డిక్రీ రద్దుకు 30 రోజుల్లో అర్జీ వేయాలి. సమన్లు సరిగా అందనివాళ్లకు మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. పదకొండో రోజున వేశాం. అద్దె అగ్రిమెంటు, మార్చిన ఆధార్, గ్యాస్ బుక్కు జత చేశాం. వాయిదా సంగతి ముందే తెలిసి ఊరుకున్నవాడికి మాత్రం అంటించడంలో లోపం ఉన్నా లాభం లేదు. అందుకే అవతలి వకీలు బోనులో నన్ను అదే అడిగాడు, పాత ఇంటి ఓనరు ఫోన్ చేయలేదా అని. చేయలేదు, అదే చెప్పాను. ఖర్చుల కింద రెండు వేలు కట్టమని డిక్రీ రద్దు చేశారు.

ఆ రాత్రి అమ్మీ అడిగింది: "కర్జా తో హై నా బేటా, అదాలత్ మే నై బోలతా క్యా?"

లేదని చెప్పను అమ్మీ, ఎంత ఉందో చెప్తానన్నా.

జవాబ్ దావాలో 90 వేలు ముట్టాయని బ్యాంకు కాగితాలతో రాయించాను. మిగతా 60 వేలు బాకీ ఉన్నానని కూడా. ఆ లైను తీసేద్దాం అన్నారు వకీల్ సాబ్. ఉండనివ్వమన్నాను.